హెవీ లైసెన్స్ దాకా: నాకు దారి ఇచ్చిన మగవాళ్లు

గుంటూరులోని ఒక పార్శిల్ ట్రాన్స్‌పోర్టు సంస్థలో నేను లారీ డ్రైవర్‌ని. ఎక్కువగా విజయవాడ ఆటోనగర్‌కు, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌కు ట్రిప్పులు వేస్తాను. సీజన్‌లో మిర్చి లోడు కూడా ఉంటుంది. సిగ్నల్ దగ్గరో టోల్ గేటు దగ్గరో నన్ను చూసి పలకరించేవాళ్లు అందరూ అడిగేది ఒకటే, భయం వేయదా అని. భయానిదేముంది, రోజూ స్టీరింగ్ పట్టుకుంటే అదే సర్దుకుంటుంది. అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది, దాన్ని మాత్రం ఎవరూ అడగరు. ఆ సీటు దాకా ఎలా రాగలిగావు, ఎవరు జరిగి నీకు చోటిచ్చారు అని.

లారీల పనిలో బండి యజమాని మగవాడు. నేర్పేవాడు మగవాడు. లోడు ఎత్తే ముఠా, దించుకునే కొట్టు, గాలి కొట్టే కుర్రాడు, పంక్చర్ వేసే మనిషి, అందరూ మగవాళ్లే. ఆడమనిషికి ఎంత పట్టుదల ఉన్నా వీళ్లలో కొందరైనా కలిసిరాకపోతే ఆమె బుకింగ్ కౌంటర్ దాటి బయటికి రాలేదు. నాకు కలిసివచ్చినవాళ్లు ఉన్నారు. నా మేలు కోరుతూనే, మంచి మాటలు చెబుతూనే అడ్డం నిలబడ్డవాళ్లూ ఉన్నారు. ఈ రెండు రకాలకూ తేడా ఏమిటో చెప్పాలనే ఇది రాస్తున్నాను. మా రంగంలో ఉన్న మగవాళ్లు చదవాలని కూడా.

నేను మొదట చేరింది బుకింగ్ గుమాస్తాగా. సరుకు తూకం రాసుకోవడం, లారీ రసీదు, అంటే ఎల్‌ఆర్ కొట్టడం, సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే బండి వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం ఈ-వేబిల్లు ఉందో లేదో చూసుకోవడం, బండి ఎక్కడిదాకా వచ్చిందని ఫోన్లు చేసేవాళ్లకు జవాబు చెప్పడం నా పని. మా వారు మెకానిక్. పెళ్లయిన కొత్తలోనే నాకు కారు, చిన్న ట్రాలీ బండి నడపడం నేర్పి లైట్ మోటార్ లైసెన్స్ ఇప్పించారు. ఒకరోజు మా ఆఫీసులో చిన్న బండి డ్రైవర్ రాలేదు. పట్నంబజారులో దించాల్సిన సరుకు గుమ్మంలో పడి ఉంది. తాళాలు ఇవ్వండి, నేను దించి వస్తానన్నాను. మేనేజర్ గారు నవ్వి ఊరుకున్నారు. మా సీనియర్ డ్రైవర్ మాత్రం నవ్వలేదు. గోడకు తగిలించి ఉన్న తాళం తీసి నా చేతిలో పెట్టి, "వెళ్లిరా అమ్మా, అద్దాలు మాత్రం నీ ఎత్తుకు సరిచేసుకో" అన్నారు. ఆయన్ని నేను బాబాయి అంటాను. మాకు చుట్టరికం ఏమీ లేదు.

ఆ రోజు నుంచి చిన్న బండి అప్పుడప్పుడు నా చేతికి వచ్చేది. ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలామంది యజమానులు దీన్ని సాకుగా చూపిస్తారు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని లైట్ మోటార్ లైసెన్స్‌తో నడపవచ్చని, దానికి వేరే రవాణా అనుమతి రాయించుకోనక్కర్లేదని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. ఆ తీర్పు మీద సందేహాలు వచ్చి విషయం అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళ్తే, 2024 నవంబరులో వాళ్లూ అదే ఖాయం చేశారు. కారు లైసెన్స్ ఉన్న ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు చిన్న సరుకు బండి ఇవ్వడానికి చట్టం అడ్డు కాదు.

పెద్ద లారీ వేరు. దానికి హెవీ లైసెన్స్ కావాలి. ఇరవై ఏళ్లు నిండాలి, లైట్ మోటార్ లైసెన్స్ చేతికి వచ్చి కనీసం ఏడాది గడవాలి, అప్పుడే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్స్, అంటే ఎల్‌ఎల్‌ఆర్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. డాక్టరు పరీక్షించి ఫారం 1-ఎ ఇవ్వాలి. చూపు, రంగులు పోల్చుకోవడం, వినికిడి అన్నీ చూస్తారు. గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూలు నుంచి శిక్షణ పూర్తయినట్టు ఫారం 5 తేవాలి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, అది వచ్చిన ముప్పై రోజుల తరవాతే పరీక్షకు పిలుస్తారు. ఒకప్పుడు రవాణా బండి నడపాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలని నిబంధన ఉండేది. 2019లో దాన్ని తీసేశారు. బడి మధ్యలో మానేసిన ఆడవాళ్లకు ఇది ఎంత పెద్ద వెసులుబాటో, ఆ సంగతి వాళ్లలో ఎంత తక్కువమందికి తెలుసో! కనబడిన ప్రతి ఒక్కరికీ నేనే చెబుతుంటాను.

నేను హెవీ నేర్చుకుంటానని చెప్పినప్పుడు మా యజమాని గారు కాదనలేదు. "చూద్దాం" అన్నారు. మన దగ్గర "చూద్దాం" అంటే ఎంత కాలమో చెప్పలేం. బాబాయి అక్కడే ఉన్నారు. "చూడటానికేముంది సార్, ఆదివారాలు ఖాళీ బండి ఒకటి నాకు ఇవ్వండి, డీజిల్ నేను పోసుకుంటాను, నేర్పే పూచీ నాది" అన్నారు. ఆ మాటతో విషయం మర్యాద దాటి పనిలోకి దిగింది. యజమాని గారు బండి ఇచ్చారు. డీజిల్ డబ్బు కూడా తీసుకోలేదు.

డ్రైవింగ్ స్కూలు దగ్గర అనుభవం వేరు. మొదట వెళ్లిన చోట యజమాని ఎంతో మర్యాదగా మాట్లాడారు. "హెవీ మీకెందుకమ్మా, మంచి కారు కోర్సు ఉంది, మీకోసం ఫీజు తగ్గిస్తాను" అన్నారు. కారు వచ్చని చెప్పాను. "అయితే స్కూలు వ్యాను చూసుకోండి, ఇంటిపట్టున ఉండి చేసుకోవచ్చు" అన్నారు. ఆయన గొంతులో చులకన లేదు. నిజంగా నా మంచికే చెబుతున్నానని అనుకున్నారు. అందుకే ఎదురు చెప్పడం కష్టమైంది. తిట్టేవాడికి జవాబు ఇవ్వవచ్చు, దయ చూపించేవాడికి ఏం జవాబు ఇస్తాం? మా వారు నా పక్కనే ఉన్నారు. ఆయన కూర్చున్న చోటు నుంచి లేచి, "ఆవిడ అడిగింది హెవీ గురించండి. మీ దగ్గర నేర్పుతారా లేదా?" అన్నారు. లేదని తేలాక వచ్చేశాం.

రెండో స్కూలులో చేర్చుకున్నారు. రవాణా బండ్లకు స్కూలు కనీసం 15 గంటలైనా బండి నడిపించాలన్నది నిబంధన. అక్కడి శిక్షకుడికి నేర్పాలనే ఉంది, కానీ స్టీరింగ్ మీద నుంచి తన చెయ్యి తీసేవాడు కాదు. మలుపు వస్తే తనే తిప్పేవాడు, ఎదురుగా బస్సు వస్తే తనే బ్రేకు నొక్కించేవాడు. నాతో నేర్చుకుంటున్న మగపిల్లల దగ్గర అంత చేసేవాడు కాదు. అడిగితే, "మీకేమైనా అయితే నాకు మాట వస్తుందమ్మా" అన్నాడు. అతని భయం నాకు అర్థమైంది. కానీ ఆ భయం వల్ల ఎన్ని గంటలు తిరిగినా బండి బరువు నా చేతికి తెలియలేదు.

బాబాయి పద్ధతి పూర్తిగా వేరు. తెల్లవారుజామున ఆటోనగర్ రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు ముందూ వెనకా ఎల్ బోర్డు కట్టి, చేతి బ్రేకుకు అందే దూరంలో పక్క సీట్లో కూర్చునేవారు. ఇక మాట్లాడేవారు కాదు. మలుపులో వెనక చక్రం ముందు చక్రం నడిచిన దారిలో రాదు, లోపలికి కోసుకుని వస్తుంది. చక్రాల వెనక మిగిలిన బాడీ అవతలి పక్కకు విసురుతుంది. నోటితో ఎంత చెప్పినా ఇది తెలియదు. ఒక డొక్కు డ్రమ్ము నిలబెట్టి, దాని చుట్టూ తిప్పమని, ఎడమ అద్దంలో వెనక చక్రాన్ని చూస్తూ ఉండమని చెప్పారు. డ్రమ్ముకు తగిలిందా, మళ్లీ తిప్పాలి. అంతే, చిరాకు లేదు, మెచ్చుకోలు లేదు. స్టార్ట్ చేయగానే కదిలించకుండా గాలి మీటరు ముల్లు పైకి వచ్చేదాకా ఆగడం, లోడుతో దిగుడులో న్యూట్రల్ చేయకుండా గేరులోనే దింపడం, ఖాళీ బండికీ నిండు బండికీ బ్రేకు దూరంలో తేడా, టైరును రాడ్డుతో కొట్టి మోత విని గాలి తెలుసుకోవడం, పట్టా కప్పి తాడు బిగించడం, అన్నీ చేయించారు. తాడు బిగించేటప్పుడు నా అరచేతులు చీరుకుపోయాయి. మా క్లీనర్ కుర్రాడు వచ్చి అందుకోబోతే బాబాయి ఆపారు. "ఈ ఒక్క ముడి నువ్వు వేస్తే, రేపు నువ్వు రాని రోజు ఆమె బండి తీయలేదు" అన్నారు.

ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఆడవాళ్లకు సాయం చేయాలనుకునే మగవాళ్లు ముందుగా చేసేది బరువు అందుకోవడం. రోడ్డు మీద ఎవరికైనా అందుకోవడం మంచిదే. కానీ పని నేర్చుకునే మనిషి దగ్గర ప్రతి బరువూ అందుకుంటూ పోతే ఆమెకు ఆ పని రాదు. చివరికి "ఆడవాళ్లకు ఈ పని రాదు" అనే మాటే మిగులుతుంది.

బలం గురించి కూడా చెప్పాలి. లారీ నడపడానికి కండ బలం కావాలనేది పాతకాలపు బండ్ల నాటి మాట. ఇప్పుడు పవర్ స్టీరింగ్, ఎయిర్ బ్రేకులు ఉన్నాయి. కావలసింది చూపు, ఓపిక, నడుం నిలబడటం. అసలు ఇబ్బంది సీటు. సగటు మగవాడి ఎత్తుకు బిగించిన సీటులో క్లచ్ పూర్తిగా తొక్కాలంటే నేను ముందుకు జారాల్సి వచ్చేది. మా వారు సీటు పట్టాలు విప్పి కొంచెం ముందుకు జరిపి మళ్లీ బిగించారు, వీపు వెనక గట్టి దిండు ఒకటి కుట్టించారు. అప్పటిదాకా నన్ను వేధించిన నడుము నొప్పి దాదాపుగా పోయింది. వేరే డ్రైవర్ ఎక్కినప్పుడు వెనక్కి జరుపుకునేలా చేశారు కనుక ఎవరికీ అభ్యంతరం రాలేదు. పొట్టిగా ఉన్న మగ డ్రైవర్ ఒకాయన తన బండికి కూడా అలాగే చేయించుకున్నారు.

పరీక్ష రోజు గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు కాగితాలు చూశారు, నా ముఖం చూశారు, బండి ఎక్కమన్నారు. ట్రాక్‌లో ముందుకు, వెనక్కి, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించడం, అందరికీ పెట్టినవే నాకూ పెట్టారు. నాకోసం తగ్గించలేదు, నన్ను పరీక్షించాలని ఎక్కువా పెట్టలేదు. చుట్టూ నిలబడి చూస్తున్నవాళ్లలో ఒకరు "మేడమ్ కదా, వదిలేయండి సార్" అంటే ఆయన తల తిప్పి, "వదిలేస్తే రేపు రోడ్డు మీద ఆమెకే కష్టం" అన్నారు. పాసయ్యాను. అయిదేళ్లు చెల్లే లైసెన్స్ వచ్చింది. 2019 సవరణకు ముందు ఇది మూడేళ్లే ఉండేది.

లైసెన్స్ వచ్చాక అసలు పని మొదలైంది. లారీ ఇవ్వడానికి మా యజమాని గారికి ఒక సందేహం. ఆడ డ్రైవర్ అయితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వర్తించదేమోనని ఎవరో చెప్పారట. బీమా వాళ్లు చూసేది డ్రైవర్ దగ్గర ఆ తరగతి బండికి చెల్లే లైసెన్స్ ఉందా లేదా అని. ఆడా మగా అని పాలసీలో ఎక్కడా ఉండదు. మా అకౌంటెంట్ గారు ఆ పాలసీ కాగితం తీసి, ఆ భాగం ఆయనకు చదివి వినిపించి సందేహం తీర్చారు. ఇలాంటి పనికి పెద్ద మనసేమీ అక్కర్లేదు, కాగితం తీసి చదివే ఓపిక చాలు. కానీ ఎవరో ఒకరు తీయాలి.

లారీ ఇచ్చారు. అయితే ఊళ్లో ట్రిప్పులే ఇచ్చేవారు. మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీకి, గోడౌన్ నుంచి బజారుకు. "నీకు ఇబ్బంది కాకూడదని" అనేవారు మేనేజర్ గారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ మా జీతం రెండు భాగాలు. నెలకు ఇచ్చేది కొంత, ట్రిప్పు మీద వచ్చే బత్తా కొంత. ఊరు దాటితేనే చెప్పుకోదగ్గ బత్తా. గుమాస్తాగా ఆ ఖాతాలు రాసిన మనిషిని నేను, ఎవరికి ఎంత వస్తుందో నాకు తెలుసు. నాతో సమానంగా పనిచేసే మగ డ్రైవర్ ఇంటికి తీసుకెళ్లేదానికీ నేను తీసుకెళ్లేదానికీ తేడా నెలనెలా పెరుగుతూ వచ్చింది. సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని 1976 నుంచీ చట్టం ఉంది. కానీ సమాన పని మన చేతికే రాకపోతే ఆ చట్టం మనకు ఏ విధంగా పనికొస్తుంది?

నేను వెళ్లి అడిగాను. "నీ మంచికే కదమ్మా" అన్నారు. అక్కడితో ఆగిపోయేదే. తరవాత జరిగింది నేను లేనప్పుడు జరిగింది, క్లీనర్ కుర్రాడు చెబితే తెలిసింది. టీ కొట్టు దగ్గర డ్రైవర్లంతా ఉన్నప్పుడు బాబాయి ఈ మాట ఎత్తారట. "ట్రిప్పులు వరుస ప్రకారం ఇవ్వాలి. ఎవరి వంతు వస్తే వాళ్లు వెళ్లాలి. ఆ అమ్మాయికి ప్రత్యేకంగా ఏమీ అడగడం లేదు. ఆమె వంతు ఆమెకు రావాలి, మీ వంతు మీకు రావాలి" అన్నారట. ఒకరిద్దరు గొణిగారు. కానీ కొత్తగా చేరిన కుర్ర డ్రైవర్లకు ఆ మాట బాగా నచ్చింది. ఎందుకంటే అప్పటిదాకా మేనేజర్‌తో చనువున్నవాళ్లకే మంచి ట్రిప్పులు దక్కేవి. అందరూ కలిసి వెళ్లి అడిగితే యజమాని గారు ఒప్పుకున్నారు. ఇప్పుడు వరుస పట్టిక గోడ మీద ఉంటుంది. ఎవరి బండి ఎప్పుడు బయలుదేరాలో అందరికీ కనబడుతుంది.

మగవాళ్ల తోడ్పాటు గురించి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ ఇదే. నా ఎదుట నన్ను మెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేను లేని చోట, నన్ను గురించి మగవాళ్లు మాత్రమే మాట్లాడుకునే చోట నా వంతు గురించి మాట్లాడినవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్ల వల్లే నా బత్తా మారింది. ఆడవాళ్లు ఎంత గట్టిగా అడిగినా ఆ టీ కొట్టు దగ్గరికి మా గొంతు చేరదు.

మా మామయ్యగారు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఈ సంగతి విన్నాక ఆయన పాత విషయం ఒకటి చెప్పారు. మహిళా కండక్టర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో నైట్ అవుట్ డ్యూటీలు పడితే పల్లెల్లో వాళ్లు పడుకోవడానికి చోటు ఉండేది కాదు. మగ కండక్టర్లు ఆ డ్యూటీలు తాము మార్చుకుని వాళ్లను పగటి డ్యూటీలకు పంపేవాళ్లట. "మేము పెద్ద సాయం చేశామనుకున్నామమ్మా. ఇప్పుడు ఆలోచిస్తే, మేమంతా కలిసి గదులు కట్టించండని డిపో మేనేజర్‌ను అడగాల్సింది. మేము డ్యూటీలు మార్చుకున్నంత కాలం గది అవసరమే ఎవరికీ కనబడలేదు" అన్నారు. ఆ మనిషి ఇప్పుడు నా కూతుర్ని బడికి దింపి, సాయంత్రం తీసుకువచ్చి, హోంవర్కు చేయించి, మా వారు వచ్చేసరికి బియ్యం కడిగి పెడతారు. మా అత్తయ్యగారు మొదట్లో నొచ్చుకున్నారు. ఆవిడకు నచ్చజెప్పింది కూడా ఆయనే. నేను చెప్పి ఉంటే గొడవ అయ్యేది.

ఇక మరుగుదొడ్డి సంగతి. దీన్ని చెప్పకుండా ఆడ డ్రైవర్ గురించి రాస్తే అది అసత్యమే అవుతుంది. మా ఆఫీసులో మొదట ఆడవాళ్లకు లేదు, పక్క బట్టల కొట్టుకు వెళ్లేదాన్ని. రోడ్డు మీద ఇంకా కష్టం. కాజ టోల్ ప్లాజా దగ్గర ఉంది, పెట్రోలు బంకుల్లో ఉంటుంది కానీ తాళం వేసి ఉంటుంది, తాళం ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. మంచినీళ్లు తాగడం మానేసి బండి నడిపాను. వేసవిలో క్యాబిన్ పొయ్యిలా ఉంటుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి మంచం పట్టాను. డాక్టరు గారు నీళ్లు తాగకుండా బండి ఎక్కితే మళ్లీ వస్తుందన్నారు. ఆ కాగితం తీసుకెళ్లి యజమాని గారికి చూపించాను. ఆయన సిగ్గుపడ్డారు. నెల తిరగకుండా ఆఫీసు వెనక గడియ ఉన్న తలుపుతో, నీటి కుళాయితో మరుగుదొడ్డి కట్టించారు. మేము డీజిల్ పోయించుకునే బంకు వాళ్లతో స్వయంగా మాట్లాడారు. "మా బండ్లన్నీ మీ దగ్గరే పోస్తాం, ఆడవాళ్ల గది తాళం కౌంటర్ దగ్గరే ఉండాలి" అన్నారు. నేను ఎన్నిసార్లు అడిగినా దొరకని తాళం ఆయన ఒక్క మాటకు దొరికింది. ఇది చెప్పడానికి నాకు బాధగా ఉంది. అయినా నిజం. పలుకుబడి ఉన్నవాళ్లు దాన్ని ఇలాంటి చోట వాడాలి.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్య తరహా, భారీ లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి అయింది. మా దగ్గర ఉన్నవి అంతకు ముందువి. ఆ వేడి ఆడా మగా చూడదు. మా బాబాయి చర్మం చూస్తే తెలుస్తుంది.

క్లీనర్ కుర్రాడి గురించి రాయకపోతే అన్యాయం. ఇరుకు సందులో రివర్స్ తీసేటప్పుడు డ్రైవర్‌కు కళ్లు క్లీనరే. బాడీ మీద చేత్తో కొడుతూ "రానివ్వు, రానివ్వు" అంటుంటే నమ్మి వెనక్కి రావాలి, గట్టిగా రెండు దెబ్బలు కొడితే ఆగాలి. అతన్ని తోటి క్లీనర్లు ఆటపట్టించేవారు, ఆడదాని కింద పనిచేస్తున్నావని. వేరే బండికి మారమని అడిగినవాళ్లూ ఉన్నారు. అతను మారలేదు. కారణం అడిగితే, "అక్కా, మీరు నాకు స్టీరింగ్ ఇస్తారు. వాళ్లు టీలు తెమ్మంటారు" అన్నాడు. ఖాళీ జాగాలో నేను అతనికి బండి కదిలించడం నేర్పుతున్న మాట నిజమే. నాకు బాబాయి నేర్పినట్టే, మాట్లాడకుండా.

మిర్చి యార్డులో ముఠా మేస్త్రీతో కూడా నాకు మొదట్లో చిక్కే. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు ఎత్తే ముఠావాళ్లు నా బండికి లోడు ఆలస్యం చేసేవారు. పగ కాదు, మగ డ్రైవర్లు వాళ్లతో కలిసి బీడీ కాల్చి మాట్లాడి తొందరపెట్టించుకుంటారు, నేను క్యాబిన్‌లోనే కూర్చునేదాన్ని. ఘాటుకు దగ్గు వచ్చినా ముక్కుకు గుడ్డ కట్టుకుని కిందికి దిగి లెక్క పెట్టడం మొదలుపెట్టాక, బరువు వెనకకు పోకుండా ఇరుసుల మీద సమంగా పడేలా ఎలా పేర్చాలో వాళ్లనే అడగడం మొదలుపెట్టాక మేస్త్రీ దారికి వచ్చారు. ఇప్పుడు నా బండి వస్తే "అమ్మ బండి ముందు వేయండి" అంటారు. ముందు వద్దు, వంతు ప్రకారం వేయమని చెబుతాను.

విజయవాడ వెళ్లేటప్పుడు కనకదుర్గ వారధి మీద నా బండి పక్కనే ఆర్టీసీ బస్సులు వెళ్తుంటాయి. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఉద్యోగాలకు, కూలి పనులకు, చదువులకు వెళ్లేవాళ్లతో బస్సులు నిండి ఉంటాయి. చూస్తే సంతోషం వేస్తుంది. టికెట్టు కొట్టేది చాలాచోట్ల ఆడమనిషే. స్టీరింగ్ దగ్గర మాత్రం కనబడదు. తమిళనాడు ప్రభుత్వ బస్సుకు వసంతకుమారి గారు డ్రైవర్‌గా చేరింది 1993లో. సురేఖా యాదవ్ గారు రైల్వేలో చేరింది 1980లలో, ఆమె రైలు నడిపి రిటైరయ్యారు కూడా. మన తెలుగమ్మాయి సరిత, నల్గొండ ప్రాంతపు తండా నుంచి వెళ్లి 2015లో ఢిల్లీ సిటీ బస్సుకు డ్రైవర్ అయింది. సొంత రాష్ట్రంలో ఆర్టీసీ స్టీరింగ్ ఆమె చేతికి రావడానికి 2025 దాకా పట్టింది. పదేళ్లు ఢిల్లీ రోడ్ల మీద బస్సు నడిపిన మనిషికి పనితనం లేదని ఎవరనగలరు? ఇంటి దగ్గర అవకాశం లేదు, అంతే.

మా బుకింగ్ కౌంటర్‌లో ఇప్పుడు ఇంకో అమ్మాయి ఉంది. చిన్న బండి నడుపుతోంది, ఏడాది నిండగానే హెవీకి దరఖాస్తు పెడుతుంది. ఆమె తండ్రి ఒకసారి మా ఆఫీసుకు వచ్చి నాతో మాట్లాడాలన్నారు. పెళ్లి సంబంధాలు వస్తాయా రావా అని అడుగుతారనుకున్నాను. ఆయన అడిగింది నెలకు బత్తా ఎంత వస్తుంది, రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరుతారు, ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే ఎవరికి చెప్పాలి అని. చక్కటి ప్రశ్నలు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదులకు కమిటీ ఉండాలని, అంతకన్నా చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లవచ్చని పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టంలో ఉందని చెప్పాను. మా ఆఫీసులో ఆ కాగితం వరుస పట్టిక పక్కనే అంటించి ఉంది, చూపించాను. ఆయన దాన్ని ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లారు.

ఇప్పుడు నేను అడుగుతున్నది హైదరాబాద్ రూటు. రాత్రి బయలుదేరి తెల్లవారేసరికి చేరే ట్రిప్పులు, బత్తా బాగుంటుంది. యజమాని గారు మళ్లీ "చూద్దాం" అన్నారు. అయితే ఈసారి ఊరికే అనలేదు. లోపలి నుంచి గడియ పెట్టుకునే పడక ఉన్న క్యాబిన్, ఏసీ, అక్కడ దించే గోడౌన్‌లో ఆడవాళ్లకు మరుగుదొడ్డి, ఈ మూడూ చూసుకుని కొత్త బండి దిగగానే వరుసలో నా పేరు రాస్తామన్నారు. గోడౌన్ వాళ్లకు ఫోను కూడా చేశారు. మొదటి ట్రిప్పుకు తోడుగా పక్క సీట్లో తాను వస్తానని బాబాయి అన్నారు. వద్దన్నాను. మా క్లీనర్ కుర్రాడికి హెవీ ఎల్‌ఎల్‌ఆర్ వచ్చింది. ఆ సీటు అతనికి కావాలి.